ఇంటి ఇన్సూరెన్స్ రెన్యువల్: అలారం ఉందని టిక్ పెట్టాను, అది మూగబోయి ఏడాదైంది

మేడమీదగది:
రెన్యువల్ నోటీసు వచ్చింది. ఒక్క క్లెయిమ్ కూడా చేయలేదు, అయినా ప్రీమియం పోయినేడాది కంటే దాదాపు పావువంతు ఎక్కువ. తిట్టుకుంటూ కాగితాలు తిరగేస్తుంటే మూడో పేజీలో ఒక షరతు కనిపించింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడల్లా దొంగల అలారం ఆన్‌లో ఉండాలట, ఏటా సర్వీసింగ్ చేయించాలట. పాలసీ తీసుకున్న రోజు "అలారం ఉందా" అన్నచోట ఉందని టిక్ పెట్టిన మాట నిజమే. అది అర్ధరాత్రిళ్ళు కుయ్ కుయ్ మంటుంటే విసుగొచ్చి నేనే బ్యాటరీ పీకేశాను. ఇప్పుడు కంపెనీకి చెప్పాలా? చెబితే ఇంకా పెంచుతారేమోనని టెన్షన్.

వెనకతలుపు:
చెప్పెయ్యండి. మా అలారం బాగానే పనిచేసేది, సర్వీసింగ్ కూడా చేయించేవాళ్ళం. ఒక సాయంత్రం రెండు గంటల పనేగా అని ఆన్ చేయకుండా వెళ్ళాం. తిరిగొచ్చేసరికి తలుపు ద్వారబంధం చీలిపోయి ఉంది, బీరువాలో ఉండాల్సినదంతా మంచం మీద ఉంది. పోలీసు రిపోర్ట్, ఫొటోలు, బిల్లులు అన్నీ ఇచ్చాం. నష్టం లెక్కకట్టడానికి కంపెనీ పంపిన సర్వేయర్ వాటిని పైపైన చూసి, నేరుగా అలారం ప్యానెల్ దగ్గరికెళ్ళి నాలుగు బటన్లు నొక్కాడు. ఎప్పుడు ఆన్ చేశామో, ఎప్పుడు ఆపామో తేదీ, టైముతో సహా అందులో ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. చివరిసారి ఆన్ చేసింది నాలుగు రోజుల కిందట. క్లెయిమ్ కొట్టేశారు. విరిగిన తలుపుకి కూడా రాలేదు.

నాలుగుకాళ్ళకాపలా:
మా ఇంట్లో కుక్క ఉంది. ఎప్పుడు ఆన్ చేశారో రాసిపెట్టే లాగ్ దానికి ఉండదు, సర్వీసింగ్ అక్కర్లేదు. డిస్కౌంట్ మాత్రం ఇవ్వనన్నారు.

పాతఫైలు:
నేను కొన్నేళ్ళు అండర్‌రైటింగ్‌లో, అంటే ఎవరికి ఏ షరతులతో, ఎంత ప్రీమియానికి పాలసీ ఇవ్వాలో తేల్చే విభాగంలో పనిచేశాను. ఇక్కడ రెండు విషయాలు కలిసిపోతున్నాయి. అలారం ఉందని డిస్కౌంట్ ఇవ్వడం ఒకటి. అలారం ఆన్‌లో ఉంటేనే దొంగతనానికి కవర్ అని షరతు పెట్టడం ఇంకొకటి. నగల విలువ ఎక్కువ రాసినవాళ్ళకి, ఇదివరకు దొంగతనం జరిగిన ఇళ్ళకి మామూలుగా రెండోది పెడతారు. కానీ చిన్న డిస్కౌంట్ తీసుకున్నా దాని వెనకే ఆ షరతు కూడా వచ్చి కూర్చుంటుంది. షెడ్యూల్‌లో, అంటే మీ పాలసీ వివరాల పేజీల్లో, ఎండార్స్‌మెంట్లు (అదనంగా చేర్చిన షరతులు) ఉన్న భాగం చదవండి.

ఇంకో మాట. రెన్యువల్ అంటే పాతది కొనసాగడమే అనుకుంటారు. మామూలుగా అది ప్రతిసారీ కొత్త ఒప్పందం. అలారం పనిచేయదని తెలిసీ ఊరుకుంటే, పాత టిక్‌ని ఈ ఏడాది మళ్ళీ మీ చేత్తో పెట్టినట్టే. అలాగని అలారం ఆన్‌లో లేదని పైపు పగిలిన క్లెయిమ్ ఆపుతామంటే మాత్రం ఊరుకోవద్దు. దానికీ దీనికీ సంబంధం లేదు. బ్రిటన్‌లో అయితే 2015 ఇన్సూరెన్స్ చట్టంలోనే ఈ సంగతి రాశారు.

సగంధర:
అలారం గొడవ ఎందుకండీ? ప్రీమియం తగ్గాలంటే సామాన్ల విలువ తగ్గించి రాయండి. నేను ఏటా చేసే పని అదే.

పాతఫైలు:
అయ్యో, వద్దు. మీ సామాన్లు 100 విలువ చేస్తే 60కే రాశారనుకుందాం. 30 విలువైనవి పోయాయి. 60లోపే కదా, మొత్తం 30 వస్తుందనుకుంటారు. విలువ తక్కువ రాస్తే పరిహారం కూడా అదే లెక్కన తగ్గించే 'సగటు షరతు' ఉన్న పాలసీలో 18 వస్తుంది. మీరు కట్టింది అరవై శాతానికే కాబట్టి నష్టంలోనూ అరవై శాతమే ఇస్తారు.

సగంధర:
ఇది ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఇవాళే నా కాగితాలు బయటికి తీస్తాను.

కీప్యాడ్12:
అలారాలు బిగించే పనిలో ఉన్నాను. మేడమీదగది గారూ, ఆ కుయ్ కుయ్ చాలావరకు బ్యాటరీ అయిపోయిందన్న కబురే. వైరు ప్యానెళ్ళలో 12 వోల్టుల సీల్డ్ బ్యాటరీ ఉంటుంది, మూడు నుంచి అయిదేళ్ళు వస్తుంది. దాన్ని పీకేస్తే కరెంటు ఉన్నంతసేపే అలారం. దొంగ మెయిన్ ఆపితే అయిపోయింది. బయట సైరన్ పెట్టెలో చాలాసార్లు ఇంకో బ్యాటరీ ఉంటుంది, దాన్ని అందరూ మర్చిపోతారు. ఊరికే మోగుతోందంటే సెన్సర్ మీద సాలీడో బల్లో పాకుతోందేమో చూడండి. ఒక ఇంటికి మూడుసార్లు పిలిస్తే మూడుసార్లూ అదే బల్లి.

కంపెనీ "ఆమోదించిన అలారం" అంటే ఏ ప్రమాణమో రాతపూర్వకంగా అడగండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 50131లో నాలుగు గ్రేడులున్నాయి. పరికరాల్లో అన్నిటికన్నా తక్కువ గ్రేడు ఏదైతే మొత్తం సిస్టమ్ గ్రేడు అదే. ఖరీదైన ప్యానెల్‌కి చవక సెన్సర్ తగిలిస్తే ప్యానెల్ డబ్బు దండగ. మానిటరింగ్ (అలారం మోగితే కంట్రోల్ రూమ్‌కి కబురెళ్ళే ఏర్పాటు) ఉన్నవాళ్ళు లోపలి సిమ్ ఏ తరానిదో కనుక్కోండి. 2జీ, 3జీ ఆపేసిన దేశాల్లో పాత పెట్టెలు నోరెత్తకుండా పడున్నాయి.

పాతగిరాకీ:
ధర సంగతి చెబుతాను. కొత్తవాళ్ళకి తక్కువ, పాతవాళ్ళకి ఏటా కాస్త ఎక్కువ, ఇది పాత అలవాటే. బ్రిటన్‌లో 2022 జనవరి నుంచి ఇళ్ళకీ వాహనాలకీ ఇలా చేయకూడదని రూల్ పెట్టారు. అది లేనిచోట మనమే ఫోన్ చేసి అడగాలి. నేను వేరే రెండు కొటేషన్లు చేతిలో పెట్టుకుని అడిగితే తగ్గించారు. కానీ చవకగా వచ్చిన ఒక కొటేషన్‌లో ప్రతి క్లెయిమ్‌లో మనం భరించాల్సిన మొదటి వాటా రెట్టింపుంది, అది చూసుకోండి.

మేడమీదగది:
ఫోన్ చేశాను. గుండె చిక్కబట్టుకుని అలారం పనిచేయట్లేదని చెప్పేశాను. ఆ అమ్మాయి అటు తిరిగి ఏదో టైప్ చేసి, షరతు తీసేస్తే పెరిగేది ఇంతేనంది. సర్వీసింగ్‌కి ఏటా అయ్యే ఖర్చు కంటే తక్కువ! మార్పు ఈమెయిల్‌లో పంపమన్నాను. పంపింది. దాంతోపాటు తాళాల ఫారం ఒకటి. బయటి తలుపులన్నిటికీ అయిదు లీవర్ల మోర్టిస్ తాళం (తలుపు చెక్కలోపలే బిగించేది) ఉందా అట. అది ఎలా తెలుస్తుంది?

కీప్యాడ్12:
తలుపు తెరిచి అంచున ఉన్న లోహపు పట్టీ చూడండి. మామూలుగా లీవర్ల సంఖ్య దాని మీదే చెక్కి ఉంటుంది.

మేడమీదగది:
ముందు తలుపుది 5. వెనక తలుపు పట్టీ మీద పెయింట్ వేసేశారు, గీకుతున్నాను.

మేడమీదగది:
గీకాను. 3. ఈసారి టిక్ పెట్టలేదు, ఫారం ఇంకా నా దగ్గరే ఉంది.