కాంచన చూసి మనం నవ్వింది ఎవర్ని?

రెండోఆట:
మొన్న ఆదివారం టీవీలో కాంచన వస్తుంటే ఇంట్లో అందరం కూర్చుని చూశాం, 2011లో వచ్చిన లారెన్స్ సినిమా, అప్పుడు నేను ఇంటర్. దయ్యం పట్టిన లారెన్స్ చీర కట్టుకుని, గాజులేసుకుని వయ్యారంగా తిరుగుతుంటే అందరూ పడీపడీ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ దయ్యం, అంటే శరత్‌కుమార్ వేసిన ట్రాన్స్‌జెండర్ కాంచన, ఫ్లాష్‌బ్యాక్ వచ్చేసరికి మా అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. అప్పుడు మా చెల్లి "ఇందాక నవ్విందీ ఇప్పుడు ఏడుస్తున్నదీ ఒకే మనిషిని చూసి కదన్నయ్యా" అంది. ఏం చెప్పాలో తోచలేదు. ఇంతకీ ఈ సినిమా ట్రాన్స్‌జెండర్లకి మేలు చేసిందా, కీడు చేసిందా? ఊరికే "మంచి సినిమా బ్రో" అనకుండా చెప్పండి.

నిమ్మసోడా:
మేలే చేసింది. అప్పటిదాకా మన సినిమాల్లో వాళ్లంటే చప్పట్లు కొట్టుకుంటూ వచ్చి హీరోని ఆటపట్టించి వెళ్లిపోయే ఒక్క నిమిషం కామెడీ, అంతే కదా. సుప్రీంకోర్టు మూడో జెండర్‌ని గుర్తించిన నల్సా తీర్పు వచ్చింది 2014లో, ఈ సినిమా దానికంటే మూడేళ్లు ముందు. కాంచనని కన్నవాళ్లే వెళ్లగొడితే చేరదీసింది ఒక ముస్లిం పెద్దాయన, ఆయనకి మానసికంగా ఎదగని కొడుకు. తను డాక్టర్ కాలేకపోయిందని తనలాంటి ఇంకో పిల్లని తెచ్చుకుని డాక్టర్ చదివిస్తుంది, పేదలకి ఆసుపత్రి కట్టాలని స్థలం కొంటే ఎమ్మెల్యే కబ్జా చేసి ఆవిణ్ణి చంపేస్తాడు, ఆవిడ దయ్యమై పగ తీర్చుకుంటుంది. లోకం వద్దనుకున్న వాళ్లంతా ఒకే ఇంట్లో ఉన్నారు చూడండి. పైగా టైటిల్ ఆవిడ పేరే. అన్నేళ్లు మాస్ హీరోగా చేసిన శరత్‌కుమార్ ఒప్పుకుని వేశాడంటే చిన్న విషయం కాదు.

బాల్కనీ_టికెట్:
నిమ్మసోడా గారూ, ఫ్లాష్‌బ్యాక్ వరకూ మీతో ఉన్నాను. కానీ దానికి ముందు గంటపైగా నడిచిన సినిమా మాటేంటి? అక్కడ తెరమీద కాంచన లేదు, ఉన్నది లారెన్సే. మగాడు ఆడదానిలా నడవడమే జోకు, భయమూ అదే. ఆ నవ్వుని తర్వాత ఎంత కన్నీళ్లు పెట్టించినా వెనక్కి తీసుకోలేరు.

ఇంకోటి, ఈ సిరీస్‌లో ఎవరికైనా బలం వచ్చేది చచ్చాకే. 2015లో గంగ వచ్చింది కదా, అందులో నిత్యామీనన్ కాలు సరిగా లేని అమ్మాయి, అక్కడా ఇదే వరస. దయ్యం కథ అంటే అలాగే ఉంటుందిలే అనొచ్చు, సరే. మరి 2020లో ఇదే కథని ఇదే డైరెక్టర్ హిందీలో లక్ష్మీ అని తీస్తే మళ్లీ ఆ పాత్ర మగ నటుడికే, శరద్ కేల్కర్‌కి, ఎందుకిచ్చారు? ఆర్టిస్టులు దొరకరనడానికి లేదు, అప్పటికే 2019లో వచ్చిన తమిళ సినిమాలో మమ్ముట్టి పక్కన ట్రాన్స్ నటి అంజలీ అమీర్ నటించింది. తొమ్మిదేళ్లలో కోర్టు తీర్పొచ్చింది, 2019లో ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టమొచ్చింది, మేకప్ మాత్రం అదే.

వెన్నెల_కాకినాడ:
నేను ట్రాన్స్ మహిళని. సినిమా వచ్చినప్పుడు పదిహేడేళ్లు, ఇంట్లో ఎవరికీ తెలీదు, అన్నయ్య వాళ్లతో కలిసి వెళ్లాను. మొదటి సగం సీట్లో ముడుచుకుని కూర్చున్నా, ఎవరైనా నావైపు చూసి నవ్వుతారేమోనని ఒకటే టెన్షన్. కాంచన వచ్చాక హాలంతా విజిల్స్, అలాంటి మనిషికి విజిల్ వేయడం నేను అదే మొదటిసారి వినడం.

తర్వాత రెండేళ్లపాటు బస్టాండులో కుర్రాళ్లు వెనకనుంచి "కాంచనా" అని అరిచేవాళ్లు. అంతకుముందు పిలిచే మాట మీ అందరికీ తెలుసు, ఇక్కడ రాయను. దానికంటే ఇదే నయం అనిపించేది, అలా అనిపించినందుకు నామీద నాకే కోపం వచ్చేది. మేలా కీడా అంటే నాకు రెండూ ఒకే హాల్లో, ఒకే టికెట్ మీద జరిగాయి. అందరికీ ఆ పగ తీర్చుకోవడం గుర్తుంది, నాకు మాత్రం ఆ పిల్లని చదివించడం గుర్తుంది. బతికుండగా ఆవిడ చేసిన పని అది. దయ్యం అక్కర్లేకుండా అదే సినిమాగా తీస్తే మొదటాటకే వెళ్తాను.

రెండోఆట:
వెన్నెల గారూ, చెల్లికి చదివి వినిపించాను. మీకు థ్యాంక్స్ చెప్పమంది.

నిమ్మసోడా:
పైన రాసింది వెనక్కి తీసుకోవట్లేదు. కానీ వెన్నెల గారూ, మీ ఊళ్లో కాకపోయినా, మా కాలేజీ బయట అలా "కాంచనా" అని అరిచిన గుంపులో నేనూ ఉన్నాను.