మెత్తటి హల్లులు గట్టిపడటం ఎందుకు జరుగుతుంది?

బ్రాడీపేట_రీడర్: రష్యన్‌లో నాలుకని అంగిలి వైపు లేపి మెత్తగా పలికే హల్లులు చాలా ఉన్నాయట, దాని చుట్టాల భాషల్లో కొన్ని మాత్రం గట్టిపడ్డాయట. ఎందుకలా? మన తెలుగులో ఇలాంటిది ఉందాండీ?

కృష్ణలంక_తెలుగు: దగ్గరి సంగతి ఉందండి. చారు, చింతపండు పక్కపక్కన అని చూడండి, చింతపండులో నాలుక అంగిలికి ఆనుతుంది, చారులో ముందుకొచ్చి పళ్ల దగ్గరే తగుల్తుంది. ఇ, ఎ ముందు తాలవ్యం, అ, ఉ, ఒ ముందు దంత్యం, జొన్న, జిల్లేడు కూడా అంతే. చంద్రుడు లాంటి సంస్కృతం మాటల్లో మాత్రం తాలవ్యమే. దంత్యాలకి ౘ, ౙ అని అక్షరాలున్నా ఎవరూ రాయట్లేదు, నాకు నిజంగా బాధేస్తుంది.

తెనాలి_భాషాభిమాని: కారణం చాలావరకు చెవిలోనే ఉందండి. హల్లు మెత్తదనం దాని తర్వాతొచ్చే అచ్చులోకి జారేటప్పుడే బాగా తెలుస్తుంది, మాట చివర ఆ అచ్చే ఉండదు, పైగా ప, బ, మ లాంటివాటికి పెదాలు మూసుకుంటాయి కాబట్టి మెత్తదనం వినిపించడం ఇంకా కష్టం, వినబడనిది మెల్లగా పోతుంది. పావురాన్ని రష్యన్‌లో ఇప్పటికీ మెత్తటి హల్లుతో ముగిస్తారు, ఉక్రేనియన్‌లో హొలుబ్ అని గట్టిగానే. బెలారుసియన్‌లో ర ఎక్కడున్నా గట్టిదే.

బ్రాడీపేట_రీడర్: అయితే రష్యన్‌లో ఏదీ పోలేదా?

తెనాలి_భాషాభిమాని: పోయాయి, ష, ఝ లాంటి శబ్దాలు ఒకప్పుడు మెత్తవే. ఇప్పుడు గట్టిగా పలుకుతారు, తర్వాతి అచ్చు కూడా వెనక్కి జరిగింది, కానీ రాసేది మాత్రం పాత ఇ అక్షరమే, అందుకే అక్కడి పిల్లలకి బడిలో దాన్ని ప్రత్యేకంగా బట్టీ పట్టిస్తారు.