అద్దె ఇంట్లో గోడల మీద వేలాడే వైర్లు: పుట్టీ ఊడకుండా సర్దేదెలా?

ప్రశ్న:
కిటికీ నుంచి టీవీ దాకా 11 అడుగుల మేర డిష్ కేబులు, ఫైబర్ వైరు వేలాడుతున్నాయి. డబుల్ టేపుతో అంటించిన ప్లాస్టిక్ పట్టీ వారానికే పుట్టీతో సహా ఊడొచ్చింది. ఫ్రిజ్‌కి వేసిన ఎక్స్‌టెన్షన్ వైరు కూడా గడప దాటి వెళ్తోంది, దాన్నీ కప్పేయాలి. ఓనరు గోడకు ఎక్కువ బెజ్జాలు ఒప్పుకోరు. ఏ సైజు పట్టీ కొనాలండీ?

జవాబు 1:
ఊడిన పట్టీ వెనక్కి తిప్పి చూడండి, టేపు నిండా తెల్లటి పొర అంటుకుని ఉంటుంది. అంటే టేపు బాగానే పట్టింది, పుట్టీయే గోడను వదిలేసింది. ఇంకా మంచి టేపు కొన్నా ఇంతే.

వైర్లను కిటికీ పక్కనే కిందికి దించి, గోడ అడుగున ఉండే స్కర్టింగ్ టైల్ మీదుగా తీసుకెళ్ళండి. టైల్‌ని తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక అంటిస్తే టేపు గట్టిగా పట్టుకుంటుంది. మాప్ తగలకుండా పై అంచుకు అంటించండి. కిటికీ దగ్గర దిగేచోట, టీవీ దగ్గర ఎక్కేచోట మాత్రం స్క్రూలు తప్పవు. చెరో మూడు అడుగులకు మూడేసి, మొత్తం ఆరు బెజ్జాలే.

అంగుళం కేసింగ్ క్యాపింగ్ (అడుగుపట్టీ, పైన మూత ఉండే ప్లాస్టిక్ పట్టీ) అడగండి. 2 మీటర్ల పట్టీలు మూడు సరిపోతాయి. 6 ఎంఎం డ్రిల్ బిట్టు, ప్లాస్టిక్ గిట్టీలు (బెజ్జంలో దూర్చి స్క్రూ బిగించేవి), అంగుళం స్క్రూలు కూడా తీసుకోండి. స్క్రూ మరీ బిగిస్తే అడుగుపట్టీ వంగిపోయి మూత కూర్చోదు. స్విచ్ బోర్డుకు సరిగ్గా పైనా కిందా డ్రిల్ పెట్టకండి, లోపల కరెంటు వైర్ల పైపు ఉండొచ్చు. మూలల్లో హ్యాక్సా బ్లేడుతో 45 డిగ్రీల్లో కోసి కలపండి.

జవాబు 2:
ఆ 45 డిగ్రీల కోత కరెంటు వైర్లకు సరే, ఫైబర్‌కి వద్దు. లోపలుండేది గాజు పోగు. మూలలో మడత పడితే వెలుతురు బయటికి పోతుంది, నెట్ బాక్సు మీద ఎర్ర లైటు వెలుగుతుంది, నెట్ పోతుంది. రెండు పట్టీలనూ మూలకు 4 సెంటీమీటర్ల ముందే ఆపేయండి, వైరు గుండ్రంగా తిరుగుతుంది. డిష్ కేబులుకూ అదే మంచిది.

జవాబు 3:
ఫ్రిజ్ వైరును కప్పకండి, దయచేసి తీసేయండి. గడప మీద రోజూ కాలు, తలుపు పడి పైతోలు నలుగుతుంది. కప్పేస్తే ఆ నలిగినచోటు కంటికి కనపడదు. చవక ఎక్స్‌టెన్షన్లలో కొన్నిటికి ఎర్త్ తీగే ఉండదు, ఫ్రిజ్ బాడీకి కరెంటు వస్తే చేతికి కొడుతుంది.

దగ్గరి బోర్డు నుంచి తలుపు ఫ్రేము చుట్టూ, ఏడు అడుగులు పైకి, మూడు అడ్డంగా, ఏడు కిందికి, ముప్పావు అంగుళం కేసింగ్ వేయించండి. ఫేజు, న్యూట్రల్, ఎర్త్ మూడూ 2.5 స్క్వేర్ ఎంఎం వైర్లు, చివర సాకెట్టు. మధ్యలో జాయింటు లేకుండా ఒకే ముక్క. ఇది ఎలక్ట్రీషియన్ పని, మెయిన్ ఆపి చేయించండి.

అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఫైబర్ వైరు 4 మీటర్లు మిగిలేలా ఉంది. కోసేయొచ్చా?

జవాబు 2:
వద్దు. కోస్తే కనెక్టరు మళ్ళీ వేయడానికి నెట్ వాళ్ళే రావాలి. అన్నం పళ్ళెమంత చుట్టగా చుట్టి, వెల్క్రో పట్టీతో వదులుగా కట్టి, టీవీ వెనక తగిలించండి. జిప్ టై బిగిస్తే అక్కడే నొక్కుకుపోతుంది.