84 మోడల్ కాప్రిస్, కంప్యూటర్ కార్బ్యురేటర్: వేడెక్కాక ఐడ్లింగ్‌లో వణుకు. సెన్సారా, కార్బ్యురేటరా?

తిరుచానూరు_వీ8:

అన్నలకు నమస్తే. బండి 1984 షెవర్లే కాప్రిస్, 305 వీ8, రోచెస్టర్ క్వాడ్రాజెట్ ఈ4ఎంఈ కార్బ్యురేటర్. పెళ్లి ఊరేగింపులకు తిరిగే బండి, గంటల తరబడి ఐడ్లింగ్‌లోనే ఉంటుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. వేడెక్కినాక డ్రైవ్‌లో వేసి బ్రేక్ తొక్కి పట్టుకుంటే స్టీరింగ్ అదురుతుంది, ఆర్‌పీఎం 400 దాకా పడిపోయి ఒక్కోసారి ఆగిపోతా ఉంది. సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోలు వాసన.

డ్యాష్‌బోర్డ్ కింద 12 పిన్నుల కనెక్టర్లో ఏ, బీ కలిపి చూస్తే లోపాలు చెప్పే కోడ్లు ముందు 12, తర్వాత 13, 15 వచ్చాయి. కార్బ్యురేటర్ దగ్గరి పచ్చ కనెక్టర్‌కు అంబాసిడర్ల కాలం నాటి డ్వెల్ మీటరు (కరెంటు ఎంతసేపు ఉంటుందో డిగ్రీల్లో చూపేది) పెడితే నాలుగు సిలిండర్ల స్కేలు మీద 27 దగ్గర ముల్లు కదలకుండా నిలబడింది. ఎండకు తట్టుకోదని ముందున్నవాళ్లు థర్మోస్టాట్ (నీళ్లు వేడెక్కేదాకా రేడియేటర్‌కు పోనీయని వాల్వ్) తీసేశారు. ఇక్కడ అడిగితే కంప్యూటర్ పీకేసి మామూలు కార్బ్యురేటర్ వేసుకోమంటున్నారు. నాకు ఉన్నది ఉన్నట్టే బాగు చేసుకోవాలని ఉంది. ముందు ఏ సెన్సార్ చూడాలి? గాలి, పెట్రోలు పాళ్లు మార్చే మిక్స్చర్ స్క్రూ తిప్పొచ్చా?

చిత్తూరు_కార్బ్:

మిక్స్చర్ స్క్రూ జోలికి పోవద్దు తమ్ముడూ. ఆ ముల్లు కదలకపోవడమే అసలు సంగతి.

ఈ సిస్టమ్‌కు డ్వెల్ లెక్కలన్నీ ఆరు సిలిండర్ల స్కేలు మీదే ఉంటాయి, ఇంజిన్ వీ8 అయినా సరే. ఆరు స్కేలులో 60 అంటే సొలినాయిడ్‌కు (కార్బ్యురేటర్లో పెట్రోలు తగ్గించి పెంచే కరెంటు వాల్వ్) నూటికి నూరు పాళ్లు కరెంటు. నాలుగు స్కేలులో దానికి 90. కాబట్టి నీ 27 అంటే నిజానికి 18, ముప్పై శాతం. డ్యూటీ సైకిల్ చూపించే మల్టీమీటరు ఉంటే ఇంకా సులువు. కార్బ్యురేటర్లోని మిక్స్చర్ సొలినాయిడ్ సెకనుకు పదిసార్లు కొట్టుకుంటుంది. కరెంటు ఉన్నంతసేపు పెట్రోలు దారిలోని రాడ్లు కిందికి దిగి పెట్రోలు తగ్గుతుంది. అంటే డ్వెల్ ఎక్కువైతే కంప్యూటర్ పెట్రోలు తగ్గిస్తున్నట్టు, తక్కువైతే పెంచుతున్నట్టు. వేడి ఇంజిన్‌లో ముల్లు 30కి అటూ ఇటూ ఊగుతా ఉండాలి. నీది 18లో బిగుసుకుపోయింది. అంటే కంప్యూటర్, ఎగ్జాస్ట్‌లో మిగిలిన ఆక్సిజన్ చూసే సెన్సార్ (ఆక్సిజన్ సెన్సార్) మాట వినడం లేదు, ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు పోస్తా ఉంది. పచ్చి వాసన అందుకే.

కోడ్ 12 తప్పు కాదు, ఇంజిన్ తిరగనప్పుడు అది రావాలి, సిస్టమ్ బతికే ఉందని గుర్తు. 15తో మొదలుపెట్టు, అది ఇంజిన్ నీళ్ల (కూలెంట్) వేడి చూసే సెన్సార్ కోడ్. కూలెంట్ సెన్సార్ ఇంటేక్ మానిఫోల్డ్ ముందు భాగంలో, రెండు తీగలది. మీటరు ముల్లుకు పోయే ఒంటి తీగ సెండర్ వేరు, దాన్ని చూసి పొరబడొద్దు. ప్లగ్ పీకి సెన్సార్ రెండు కాళ్ల మధ్య ఓమ్స్ చూడు: 20 డిగ్రీల దగ్గర సుమారు 3,500, 40 దగ్గర 1,450, 80 దగ్గర 330, 100 దగ్గర 180. ఇంజిన్ వేడిగా ఉండి వేలల్లో చూపిస్తే సెన్సార్ పోయింది. లెక్క సరిగానే ఉంటే ప్లగ్ లోపల చూడు, పచ్చగా చిలుం పట్టి ఉంటుంది. తీగ సంగతి తేల్చుకోవాలంటే ప్లగ్‌లో రెండు కాళ్లూ చిన్న వైరుతో కలిపి ఇంజిన్ కాసేపు నడుపు. 15 పోయి 14 (అదే సెన్సార్ షార్ట్ అయిందనే కోడ్) వస్తే తీగలు, కంప్యూటర్ రెండూ మంచివే, సెన్సార్ మార్చుకుంటే చాలు.

థర్మోస్టాట్ మాత్రం తప్పకుండా వెనక్కి పెట్టించు, 90 డిగ్రీలది. అది లేకపోతే హైవే మీద నీళ్లు సరిగా వేడెక్కవు, వేడెక్కకపోతే కంప్యూటర్ దిద్దుబాటు మొదలే పెట్టదు. ఊరేగింపులో వేడెక్కడానికి మందు థర్మోస్టాట్ తీయడం కాదు. రేడియేటర్ రాడింగ్ (లోపలి గొట్టాలు శుభ్రం) చేయించి, ఫ్యాన్ క్లచ్, ఫ్యాన్ చుట్టూ ఉండే ష్రౌడ్ చూసుకో.

రేణిగుంట_రోడ్డు:

పైన అన్న చెప్పింది అక్షరాలా నిజం. కోడ్ 13, అంటే ఆక్సిజన్ సెన్సార్ కోడ్ గురించి నేను చెప్తాను.

మన దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చింది 2000 ఫిబ్రవరిలో. బండి అంతకుముందు ఇక్కడ తిరిగి, ఆక్సిజన్ సెన్సార్ పాతదే అయితే సీసం పట్టి చచ్చిపోయే ఉంటుంది. తీసి చూడండి. మొనకు తెల్లటి పొడి కనిపిస్తే అది సిలికాన్, ఎవరో ఇంజిన్‌కు సెన్సార్లకు పడని గ్యాస్కెట్ పేస్టు ధారాళంగా పూశారన్నమాట. నల్లటి మసి మాత్రమే అయితే రిచ్ మిక్స్చర్ (పెట్రోలు ఎక్కువ) వల్ల, కారణం తీరితే అదే కాలిపోతుంది.

మీ వాడకానికి ఇంకో చిక్కు కూడా ఉంది. ఇది ఒంటి తీగ సెన్సార్, లోపల హీటర్ లేదు. 315 డిగ్రీలు దాటితేగానీ పని చేయదు. గంటసేపు నిలబెట్టి ఐడ్లింగ్‌లో ఉంచితే సెన్సార్ కొత్తదైనా చల్లారిపోతుంది, కంప్యూటర్ మళ్లీ గుడ్డిదైపోతుంది. అందుకని హీటరున్న నాలుగు తీగల సెన్సార్ వేయండి. ఎంపీఎఫ్ఐ (కార్బ్యురేటర్ బదులు పెట్రోలు ఇంజెక్షన్ ఉన్న) బండ్లవి జిర్కోనియా రకం, ఎం18 × 1.5 మర ఉన్నది దొరికితే సరిగ్గా కూర్చుంటుంది. ఇక్కడ దొరక్కపోతే చెన్నై జీపీ రోడ్డులో అడగండి. మామూలుగా నలుపు సిగ్నల్, బూడిద రంగు సిగ్నల్ ఎర్త్, రెండు తెల్లవి హీటర్. నలుపు పాత తీగకు, బూడిదది ఇంజిన్ బ్లాకు మీద శుభ్రం చేసిన చోటికి, తెల్లవాటిలో ఒకటి ఎర్త్‌కు, రెండోది ఇగ్నిషన్ ఆన్‌లో మాత్రమే వచ్చే కరెంటుకు, మధ్యలో 7.5 ఆంప్స్ ఫ్యూజుతో. సిగ్నల్ చూడ్డానికి డిజిటల్ మీటరే వాడాలి. పాత ముల్లు మీటరు సెన్సార్ కరెంటునే లాగేస్తుంది. పని చేసే సెన్సార్ 0.1, 0.9 వోల్టుల మధ్య ఆగకుండా ఊగుతుంది.

కంప్యూటర్ పీకేయమన్నవాళ్లకు ఒక్క మాట చెప్పండి. ఈ బండి డిస్ట్రిబ్యూటర్లో వ్యాక్యూమ్ అడ్వాన్స్ గానీ బరువులు గానీ లేవు, స్పార్క్ టైమింగ్ మొత్తం కంప్యూటర్‌దే. గేర్‌బాక్స్‌లో కన్వర్టర్ లాకప్ (ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌కు నేరుగా పట్టించడం) కూడా అదే చేస్తుంది. కార్బ్యురేటర్ మార్చి గేర్‌బాక్స్ ప్రెషర్ సరిచేసే థ్రాటిల్ వాల్వ్ కేబుల్ కోణం తప్పితే ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్స్ కాలిపోతుంది. పైగా ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు). దానికి పెట్రోలు ఒక వంతుకు గాలి 14.7 వంతులు కాదు, సుమారు 13.5. మామూలు కార్బ్యురేటర్‌కు జెట్లు మార్చుకోవాలి. ఇది తనంతట తనే దిద్దుకుంటుంది. ఇంత మంచి వసతి ఉన్న కార్బ్యురేటర్ తీసేయడం అన్యాయం.

తిరుచానూరు_వీ8:

చాలా థ్యాంక్స్ అన్నలూ. కూలెంట్ సెన్సార్ ప్లగ్‌లో చిలుమే. ప్లగ్, సెన్సార్ రెండూ మార్చాం. థర్మోస్టాట్ పెట్టాం, నాలుగు తీగల సెన్సార్ వేశాం. కోడ్లు లేవు, పెట్రోలు వాసన పోయింది. ఇప్పుడు ముల్లు ఊగుతా ఉంది. 2,500 ఆర్‌పీఎంలో ఆరు స్కేలు లెక్కన 30 దగ్గర, ఐడ్లింగ్‌లో మాత్రం 10, 12 దగ్గరే. వణుకు తగ్గింది గానీ పోలేదు.

చిత్తూరు_కార్బ్:

స్పీడులో 30, ఐడ్లింగ్‌లో 10 అంటే ఎక్కడో దొంగగాలి లోపలికి పోతా ఉంది. ఇంజిన్ ఎక్కువ గాలి పీల్చేటప్పుడు ఆ కాస్త లెక్కలోకి రాదు, ఐడ్లింగ్‌లో మాత్రం అదే పెద్ద వాటా అవుతుంది. వెతకడం తేలికే. బ్రేక్ బూస్టర్, పీసీవీ (ఇంజిన్ లోపలి ఆవిర్లు లాగే వాల్వ్), వ్యాక్యూమ్ పైపులు ఒక్కొక్కటిగా ప్లయర్‌తో నొక్కి పట్టుకుని ముల్లు చూడు. ఏది మూసినప్పుడు డ్వెల్ 30 వైపు ఎక్కితే అక్కడే లీకు. తర్వాత కార్బ్యురేటర్ అడుగు గ్యాస్కెట్ చుట్టూ, థ్రాటిల్ షాఫ్ట్ రెండు కొసల దగ్గర కార్బ్ క్లీనర్ కొంచెం కొంచెం చల్లు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడనీయొద్దు, అంటుకుంటుంది. అడుగు బోల్టులు లూజుగా ఉంటే ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించు, గట్టిగా తిప్పితే కార్బ్యురేటర్ వంగిపోతుంది.

లీకు దొరక్కపోతే రెండు చూడు. ఎయిర్ పంపు ఇంకా ఉంటే, ఇంజిన్ వేడెక్కినాక దాని గాలి ఎగ్జాస్ట్ పోర్టుల్లోకి పోకూడదు. పోతే సెన్సార్ ఆ గాలిని చూసి పెట్రోలు తక్కువైందని అబద్ధం చెబుతుంది. సెన్సార్‌కు ముందున్న మానిఫోల్డ్ గ్యాస్కెట్ కొట్టినా ఇదే వరస. ఈజీఆర్ వాల్వ్ (ఎగ్జాస్ట్ పొగ కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) కూడా చేత్తో నొక్కి చూడు. మసి పట్టి తెరుచుకుని ఉండిపోతే డ్వెల్ ఎలా ఉన్నా వణుకు పోదు.

రేణిగుంట_రోడ్డు:

సొలినాయిడ్‌ను కూడా ఒకసారి పరీక్షించండి. ప్లగ్ పీకి ఓమ్స్ చూస్తే 20 పైన ఉండాలి. 10 కంటే తక్కువైతే మార్చాలి, లేదంటే కంప్యూటర్‌ను కూడా కాల్చేస్తుంది. తర్వాత 3,000 ఆర్‌పీఎంలో పట్టుకుని, పచ్చ కనెక్టర్‌ను ఎర్త్ చేయండి. పూర్తి లీన్ (పెట్రోలు బాగా తక్కువ) అయి ఆర్‌పీఎం పడాలి. వంద కూడా పడకపోతే లోపల రాడ్లు గానీ ప్లంజర్ గానీ ఇరుక్కున్నట్టు.

థ్రాటిల్ సెన్సార్ నీలం, నలుపు తీగల మధ్య ఐడ్లింగ్‌లో అర వోల్టు దగ్గర ఉండి, యాక్సిలరేటర్ మెల్లగా తొక్కుతుంటే ఎక్కడా తెగకుండా నాలుగున్నర దాకా ఎక్కాలి. మీ ఇంజిన్‌కు కచ్చితమైన అంకె మాన్యువల్లో ఉంటుంది.

ఇవన్నీ సరిపోయినాక కూడా ఐడ్లింగ్ డ్వెల్ తక్కువగానే ఉంటే అప్పుడు మాత్రమే కార్బ్యురేటర్ పైనున్న ఐడిల్ ఎయిర్ బ్లీడ్ (ఐడ్లింగ్ గాలి సర్దే స్క్రూ) తిప్పాలి. లోపలికి తిప్పితే డ్వెల్ పెరుగుతుంది. పావు వంతు తిప్పి, అర నిమిషం ఆగి, ముల్లు చూసి మళ్లీ తిప్పండి. 25, 35 మధ్య ఊగితే చాలు. దాని కవరు రివెట్లు డ్రిల్ చేసే ముందు చుట్టూ ఉన్న రంధ్రాలన్నీ టేపుతో మూయండి. ఇనుప రజను ఒక్క రేణువు పడినా కార్బ్యురేటర్ మొత్తం విప్పాల్సి వస్తుంది.