సమస్య: చీమ నవ్వె నింద్రుఁ జేరి చూచి

సమస్య ఇచ్చినవారు (సాహిత్యం క్లాసు మాస్టారు):

ఈ సెమిస్టర్ అంతా మనం చదివినది పురాణం, పునరావృత్తి. ఆఖరి ప్రాజెక్టుగా వ్యాసం రాసినవాళ్ళందరూ అదే విషయం మీద ఒక పద్యం కూడా ఇవ్వాలన్నాను. టెన్షన్ పడకండి, పద్యానికి మార్కులు లేవు. సమస్య అంటే నేనిచ్చే ఆఖరి పాదం, పై మూడు పాదాలు మీరు పూరించాలి. ఇది ఆటవెలది నాలుగో పాదం. ఐదు సూర్యగణాలు (గురువు, లఘువు; లేదా మూడు లఘువులు), యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) చీ–జే.

కథ మీకు తెలిసిందే. వృత్రుణ్ణి చంపాక ఇంద్రుడు విశ్వకర్మ చేత మేడ కట్టిస్తాడు. ఎంత కట్టినా ఇంకా కావాలంటాడు. విష్ణువు బాలుడి వేషంలో వచ్చి, నేల మీద బారుగా పోతున్న చీమల్ని చూసి నవ్వుతాడు. ఎందుకు నవ్వావంటే, వాటిలో ప్రతి చీమా ఒకప్పటి ఇంద్రుడే అంటాడు. బ్రహ్మవైవర్త పురాణంలోని ఘట్టం. అక్కడ నవ్వింది బాలుడు. నేను ఆ నవ్వుని చీమకిచ్చాను. శివుడి ఆజ్ఞ లేనిదే కుట్టని చీమ, స్వర్గాధిపతిని చూసి నవ్వాలంటే మీరు కారణం చూపించాలి.

పూరణ 1 (కర్నూలు విద్యార్థి):

ఏను నాఁడు దివిని నేలినవాఁడనే,
మేడ కట్టుకొనిన మిడిసిపాటు
ఎంత కాలమయ్య యీ వైభవం బని
చీమ నవ్వె నింద్రుఁ జేరి చూచి.

మాస్టారూ, నా ప్రాజెక్టు ఈ కథ మీదే కాబట్టి తిన్నగా అదే రాశాను.

అతిథి విమర్శకులు (అవధానాల్లో పృచ్ఛకులుగా, అంటే ప్రశ్నలు వేసేవారిగా కూర్చున్న పెద్దవారు):

ఎత్తుగడ బాగుంది నాయనా. ‘దివిని నేలిన’ దగ్గర స్వరయతి, అంటే అచ్చుకి అచ్చు పొత్తు, చక్కగా పడింది. కానీ రెండో పాదం చివర ‘మిడిసిపాటు’, మూడో పాదం మొదట ‘ఎంత’. ఉకారం మీద అచ్చు వస్తే సంధి జరగాల్సిందే, పాదం మారినంత మాత్రాన తప్పదు. ‘మిడిసిపా టెంత’ అంటే గణం పోతుంది. ఇలా చూడు:

మేడ కట్టుకొనుచు మిడిసిపడితి
నెంత కాలమయ్య యీ వైభవం బని

మాస్టారు:

ఈ సవరణ దగ్గర కాసేపు ఆగుదాం. నాకు చాలా సంతోషం కలిగించింది. పాత పాఠంలో మేడ ఇంద్రుడిది, మిడిసిపాటూ ఇంద్రుడిదే. చీమ పక్కన నిలబడి బుద్ధి చెబుతోంది, అంతే. ‘మిడిసిపడితిని’ అనగానే మేడ కట్టింది చీమ అయింది. ఇప్పుడు ఇంద్రుడు చేస్తున్న పని అది ఒకప్పుడు చేసిందే. సంధి కోసం మార్చిన ఒక్క క్రియతో పునరావృత్తి పద్యంలోకి వచ్చేసింది. బాబూ, వ్యాసంలో నువ్వు ఆరు పేజీలు రాసిన విషయం ఇదే. ‘కొనిన’కీ ‘కొనుచు’కీ తేడా కూడా చూడు. కట్టడం అయిపోలేదు, కడుతూనే మిడిసిపడింది.

పూరణ 2 (వరంగల్ విద్యార్థిని):

మునులు మోయుచుండ మూఁపులఁ బల్లకి
నహుషుఁ డెక్కి సాగె నాకమందు,
మోయు నొప్పి రేపు మోసి నేర్చెద వని
చీమ నవ్వె నింద్రుఁ జేరి చూచి.

ఇంద్రుడంటే ఒక మనిషి పేరు కాదు, పదవి పేరు అని క్లాసులో చెప్పారు కదా సర్. అందుకే ఆ పదవిలో కూర్చున్న నహుషుణ్ణి తీసుకున్నాను. తన బరువు కంటే ఎక్కువ మోసే చీమకి మోత కష్టం తెలుసు.

అతిథి విమర్శకులు:

అమ్మా, పద్యం నడక దోషం లేనిది. మూపుల మీద పల్లకి కనిపిస్తోంది. కానీ నహుషుడికి పట్టిన గతి ఏమిటి? ‘సర్ప సర్ప’ (నడు, నడు) అని ముని మీద కాలు విసిరి, అగస్త్యుడి శాపంతో కొండచిలువ అయ్యాడు. కొండచిలువ ఏం మోస్తుంది? మూడో పాదం కథకి అతకలేదు.

వరంగల్ విద్యార్థిని:

నిజమే అండీ. రాత్రంతా ఆలోచించి ఆ పాదం మార్చాను:

పుట్టలోన రేపు పొరలాడెద వటంచు

అతిథి విమర్శకులు:

శభాష్ తల్లీ! చీమలు పెట్టిన పుట్టలో పాము చేరుతుందని చిన్నప్పుడే సుమతి పద్యంలో చదువుకున్నాం. పల్లకి ఎక్కినవాడు రేపు చీమ ఇంటికే అద్దెకు వస్తాడు. నవ్వే హక్కు చీమకి ఇప్పుడొచ్చింది. పు–పొ యతి కూడా కుదిరింది.

పూరణ 3 (నెల్లూరు విద్యార్థి): ‘మన్వంతరమ్ములు మారుచుండ’ అని ఎత్తుకున్నారు.

మాస్టారు: ‘మన్వం’ రెండు గురువులు. సూర్యగణం కాదు కాబట్టి ఆటవెలదిలో ఇమడదు. ‘మనువు మారినంత’ అని మొదలుపెట్టు, మూడు గణాలూ సరిపోతాయి. భావం మాత్రం మంచిది. మనువుతో పాటు ఇంద్రుడూ మారతాడు, బ్రహ్మకి ఒక పగలు గడిచేసరికి 14 మంది. ఇప్పటి పురందరుడు ఏడోవాడు. ఎనిమిదో ఇంద్రుడు బలి చక్రవర్తి అని భాగవతం. పాతాళానికి తొక్కబడినవాడికే రేపటి సింహాసనం! ఆ బలినే పద్యంలోకి తీసుకురా.

పూరణ 4 (శ్రీకాకుళం విద్యార్థిని):

ఏటి కేడు నతఁడె యింద్రుఁడై వచ్చును
రంగు పూసి మోము రాత్రి యెల్ల
నట్ట మకుటమందు నంటిన బంకకు
చీమ నవ్వె నింద్రుఁ జేరి చూచి.

మా తాతయ్య మా ఊరి జాతర నాటకంలో ఇంద్రుడి వేషం కట్టేవారు. కిరీటం అట్టతో చేసి, బంగారు కాగితం అతికించేవాళ్ళం. బంక ఇంట్లోనే, మైదా పిండి ఉడికించి. మర్నాడు పొద్దున చూస్తే కిరీటం నిండా చీమలు. నా ప్రాజెక్టు కూడా ఆ నాటకం గురించే. పెద్ద పురాణాలేవీ వాడలేదు, పరవాలేదా మాస్టారూ?

కర్నూలు విద్యార్థి: ‘మోము రంగు పూసి’ అంటే ఇంకా సాఫీగా ఉండేది కదా?

శ్రీకాకుళం విద్యార్థిని: యతి పోతుంది. రం–రా కోసం తిప్పాను.

అతిథి విమర్శకులు:

సమస్యలో ‘చేరి’ అనే మాట ఉంది. మొదటి రెండు పూరణల్లో అది ఊరికే ఉండిపోయింది. చీమ దూరం నుంచి నవ్వినా సరిపోయేది. ఇక్కడ బంక కోసం చేరింది. సమస్యలో ఒక్క మాట కూడా వృథా పోకుండా పూరించడం పెద్ద అవధానాల్లోనే అరుదుగా చూశాను. ఈ నాలుగు పద్యాల్లో నా ఓటు దీనికే.

మాస్టారు:

నా ఓటు కూడా. పరవాలేదా అని అడిగావు చూడమ్మా, అందుకు చెబుతున్నాను. మొదటి పాదంలో ‘వచ్చును’ అన్నావు. తద్ధర్మార్థకం. వచ్చాడు కాదు, వస్తాడు కాదు. వస్తూ ఉండడం అతని స్వభావం. సూర్యుడు తూర్పున ఉదయించును అన్నట్టు. మన పురాణాలన్నీ నిలబడింది ఆ క్రియారూపం మీదే. ఆఖరి పాదంలో చీమ మాత్రం ‘నవ్వె’. ఒక్క రాత్రి, ఒక్కసారి. ప్రతి ఏడూ వచ్చే ఇంద్రుడికీ ఆ రోజు మాత్రమే నవ్విన చీమకీ మధ్య తాతయ్య కూర్చుని మొహానికి రంగు పూసుకుంటున్నారు. ఇంద్రులకి లెక్క ఉంది కానీ ఆయన ఒక్కరే.

ఒక్క మాట అడగాలి. ‘కట్టేవారు’ అన్నావు. ఇప్పుడు కట్టడం లేదా?

శ్రీకాకుళం విద్యార్థిని:

మూడేళ్ళ కిందట పోయారు మాస్టారూ. ఇప్పుడు మా చిన్నాన్న కడుతున్నారు. కిరీటం అదే. బంక నేను కాస్తాను.

మాస్టారు:

అయితే వచ్చే వారం సమస్య నువ్వే ఇవ్వు తల్లీ.

శ్రీకాకుళం విద్యార్థిని:

దసరా నాటకంలో రావణుడి వేషం తాతయ్యే వేసేవారు. అది తలుచుకుని రాశాను. ఆటవెలది, నాలుగో పాదం:

*రాముఁ డడిగె మరల రావె యనుచు*