అప్‌డేట్: నాన్న జన్యు పరీక్ష రిపోర్ట్ వచ్చింది

నాన్నకి బీపీ, షుగర్ లేకపోయినా మెదడు ఎంఆర్‌ఐలో తెల్ల మచ్చలు కనిపించాయి, ఆలోచన నెమ్మదించింది, ఇది వంశపారంపర్యమా అని అడిగాను కదా. అవుననే తేలింది. జబ్బు పేరు కాడాసిల్. నాచ్‌3 జన్యువులో మార్పు వల్ల మెదడులోని సన్నని రక్తనాళాల గోడలు దెబ్బతింటాయట.

న్యూరాలజిస్ట్‌కి అనుమానం వచ్చింది మచ్చలున్న చోటు చూసి. రెండు కణతల వైపూ, టెంపోరల్ లోబ్ ముందు కొసల్లో తెల్లగా ఉంది. బీపీ మచ్చలు అక్కడ అంతగా రావట. వయసులో ఉన్నప్పుడు కళ్ల ముందు మెరుపులతో వచ్చిన మైగ్రేన్ కూడా ఇందులో భాగమేనన్నారు. నాన్నకి ఇప్పటికీ పేర్లన్నీ గుర్తే. ఫారం నింపుతుంటే మాత్రం పెన్ను పట్టుకుని మధ్యలో ఆగిపోతారు.

ఏపీఓఈ అనే జన్యువు టెస్ట్ చేయించమన్నవాళ్లకి: అది ముఖ్యంగా అల్జీమర్స్ (మతిమరుపు జబ్బు) రిస్క్‌కి సంబంధించింది, ఇక్కడ అవసరం లేదన్నారు.

జబ్బుని ఆపే మందు లేదు. బీపీ పెరగకుండా చూసుకోవాలి, సిగరెట్ మానాలి. మానేశారు, గొణుగుతూనే.

పిల్లల్లో ఒక్కొక్కరికీ వచ్చే అవకాశం 50 శాతం. తమ్ముడు టెస్ట్‌కి రెడీ. నాకే టెన్షన్. ముందు కౌన్సెలింగ్‌కి వెళ్తున్నాను.