రెండో పీరియడ్‌లో ఒక్కసారిగా ఏమైంది? కాలేజీ ఐస్ హాకీ మ్యాచ్ మీద కొన్ని సందేహాలు

నీలిగీత

శనివారం రాత్రి మ్యాచ్ గురించి. ఏ కాలేజీ అన్నది పక్కన పెడదాం, అభిమానులు కొట్టుకుంటారు.

మ్యాచ్‌లోని మూడు పీరియడ్లలో (భాగాల్లో) మొదటిదాంట్లో హోమ్ టీమ్ దుమ్ము దులిపేసింది. షాట్లు 14-6, స్కోరు 2-0. అవతలి డిఫెన్స్‌మన్ గోల్ వెనక పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) అందుకుని తలెత్తేలోపే ఇద్దరు మీద పడుతున్నారు. రెండో పీరియడ్‌కి వచ్చేసరికి అదే టీమ్, అవే లైన్లు (కలిసి దిగే ఆటగాళ్ల గుంపులు), కానీ సొంత జోన్‌లోంచి (తమ గోల్ వైపు భాగంలోంచి) బయటపడటమే గగనమైపోయింది. ఒక షిఫ్ట్‌లో (ఆటగాళ్లు ఒకసారి ఐస్ మీదకి దిగి మళ్లీ బెంచ్ ఎక్కేదాకా) ఐదుగురూ నిమిషంన్నర పైగా ఇరుక్కుపోయి, చివరికి గోల్ ఇచ్చేశారు. పీరియడ్ ముగిసేసరికి 2-3. మూడో పీరియడ్‌లో మళ్లీ మామూలైపోయి 3-3 చేశారు.

కామెంటేటర్ ‘ఫిట్‌నెస్ లేదు’ అని తేల్చేశాడు. ఫిట్‌నెస్ లేకపోతే మూడో పీరియడ్‌లో ఎలా పుంజుకున్నారు? అది మొదటి సందేహం.

రెండోది: రిఫరీ చెయ్యి పైకెత్తి ఉండగానే గోల్ పడింది. అయినా తప్పు చేసినవాణ్ని పెనాల్టీ బాక్స్‌లో కూర్చోబెట్టారు. ఎన్‌హెచ్ఎల్‌లో (ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ లీగ్‌లో) అయితే గోల్ పడగానే ఆ మైనర్ పెనాల్టీ (చిన్న తప్పుకి వేసే శిక్ష) రద్దవుతుంది కదా?

మూడోది: షూటౌట్‌లో (ఒక్కొక్కరుగా గోల్‌కీపర్‌తో తలపడటంలో) హోమ్ టీమ్ గెలిచింది, జనం పండగ చేసుకున్నారు. తీరా రికార్డు చూస్తే డ్రా!

గోలీమాస్క్

ఫిట్‌నెస్ కాదండీ, బెంచ్ దూరం. ఇక్కడ ఆట నడుస్తుండగానే అలిసినవాళ్లు బెంచ్ ఎక్కి, తాజావాళ్లు దిగుతుంటారు కదా.

రింక్ పొడవు 200 అడుగులు. మామూలుగా రెండు బెంచీలూ ఒకే వైపు, మధ్య గీతకు అటొకటి ఇటొకటి. మొదటి, మూడో పీరియడ్లలో మీ బెంచ్ మీ గోల్ ఉన్న సగంలో ఉంటుంది. డిఫెన్స్‌మన్ అలిసిపోతే పక్ బయటికి కొట్టి, నాలుగు అడుగులు స్కేట్ చేసి తలుపు దూరిపోతాడు. రెండో పీరియడ్‌లో ఎండ్స్ మారతాయి, బెంచీలు మాత్రం ఎక్కడివక్కడే. ఇప్పుడు మీ బెంచ్ అవతలి సగంలోకి పోయింది. మీ జోన్ అంచున ఉండే నీలిగీత మీదుగా పక్ కొట్టినా చాలదు, మధ్య ఎర్రగీత దాటి వెళ్తేగానీ మార్పు దొరకదు. ఆ లోపు పక్ తిరిగొచ్చేస్తుంది. దీన్నే లాంగ్ చేంజ్ అంటారు.

ఈ ఇబ్బంది రెండు జట్లకీ సమానమే, కాబట్టి లాభం పక్ ఎవరి దగ్గర ఉంటే వాళ్లది. దాడి చేసేవాళ్లకి బెంచ్ పక్కనే. పక్ జోన్‌లో తిప్పుతూనే ఒక్కొక్కరుగా మారిపోతారు. కాసేపటికి వాళ్ల ఐదుగురూ తాజాగా, మీ ఐదుగురూ నాలుకలు బయటపెట్టి ఉంటారు. మామూలు షిఫ్ట్ 40-50 సెకన్లు. నిమిషం దాటితే కాళ్లు బరువెక్కుతాయి. ముందు కనిపించే గుర్తు ఏంటంటే డిఫెన్స్‌మన్ స్కేట్ చేయడం మానేసి స్టిక్ చాచి అందుకోవాలని చూస్తాడు. హుకింగ్ (స్టిక్‌తో కొక్కెంలా లాగడం), ట్రిప్పింగ్ (కాళ్లకి అడ్డంపెట్టి పడేయడం) పెనాల్టీలు అక్కడే పుడతాయి.

అప్పుడు చాలామంది చేసే పొరపాటు ఐసింగ్. ఊపిరి పీల్చుకుందామని పక్‌ని ఈ సగంలోంచి అవతలి చివరికి బాదేస్తారు. విజిల్ పడుతుంది, ఫేస్‌ఆఫ్ (ఇద్దరి మధ్య పక్ వదిలి ఆట మళ్లీ మొదలుపెట్టడం) మళ్లీ వీళ్ల జోన్‌లోకే వస్తుంది, పైగా ఐసింగ్ చేసిన జట్టు ఆటగాళ్లని మార్చుకోకూడదు. అలిసిన ఆ ఐదుగురే నిలబడాలి, అవతలివాళ్లు మాత్రం తాజా లైన్‌ని దించుతారు. మీరు చెప్పిన నిమిషంన్నర షిఫ్ట్ మధ్యలో ఐసింగ్ కూడా ఉండి ఉంటే ఆశ్చర్యం లేదు.

సరైన పద్ధతి: పక్‌ని గాల్లోకి ఎత్తుగా, నెమ్మదిగా మధ్య జోన్‌లో పడేలా లేపాలి. అది దిగేలోపు ఫార్వర్డ్ ఒకడు ఎర్రగీత దాకా వెళ్లి, దాన్ని అవతలి మూలలోకి తోసేయాలి. పక్ మూలకి చేరాకే మార్పు. మంచి కోచ్‌లు రెండో పీరియడ్‌లో షిఫ్ట్‌ని 35 సెకన్లకి కుదించేస్తారు. డిఫెన్స్ జంటలో బెంచ్ వైపున్నవాడు ముందు వెళ్తాడు, దూరంగా ఉన్నవాడు ఆగుతాడు. ఇద్దరూ ఒకేసారి బెంచ్‌కి పరిగెత్తారంటే, అవతలివాడు ఒక్క పొడుగు పాస్‌తో గోలీ (గోల్‌కీపర్) ముందు ఒంటరిగా తేలతాడు.

చారలచొక్కా

రిఫరీ చెయ్యెత్తడం గురించి. తప్పు జరిగినప్పుడు పక్ బాధిత జట్టు దగ్గరే ఉంటే రిఫరీ విజిల్ ఊదడు, చెయ్యి పైకెత్తి ఆట సాగనిస్తాడు. తప్పు చేసిన జట్టు పక్‌ని స్వాధీనం చేసుకున్న క్షణాన విజిల్. అంటే అప్పటిదాకా వాళ్లు గోల్ కొట్టే అవకాశమే లేదు. అందుకే బాధిత జట్టు గోలీ బెంచ్‌కి ఉరికి, బదులు ఆరో స్కేటర్ దిగుతాడు. ఉన్న ప్రమాదమల్లా ఒక్కటే: మనవాడే వెనక్కిచ్చిన పాస్ గురితప్పి, దొర్లుకుంటూ మన ఖాళీ గోల్‌లోకి పోవడం. అరుదే కానీ జరుగుతుంది.

ఎన్‌హెచ్ఎల్ సంగతి మీరన్నట్టే. కాలేజీల్లో ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంస్థ) నియమం వేరు: ఈ ఆగిన పెనాల్టీ మీద గోల్ పడినా శిక్ష అమలవుతుంది. గోల్‌కి గోల్, పవర్‌ప్లేకి (అవతల ఒకడు తక్కువగా ఆడే సమయం) పవర్‌ప్లే. నా లెక్కలో ఇదే న్యాయం.

డ్రా సంగతి. రెగ్యులర్ సీజన్‌లో 3-3 మనుషులతో 5 నిమిషాల ఓవర్‌టైమ్, మొదటి గోల్‌తో ఆట సరి. అక్కడా తేలకపోతే ఎన్‌సీఏఏ లెక్కలో అది డ్రాయే. షూటౌట్ పెట్టేది కాన్ఫరెన్స్ (తమలో తాము ఆడుకునే కాలేజీల గుంపు) పట్టికలో అదనపు పాయింట్ ఎవరికో తేల్చడానికి మాత్రమే. కాబట్టి శనివారం జనం పండగ చేసుకున్నది ఆ పాయింట్‌కి. జాతీయ టోర్నమెంట్‌లో ఇవేవీ ఉండవు. 5-5 మనుషులతో 20 నిమిషాల పీరియడ్లు, గోల్ పడేదాకా. కాన్ఫరెన్స్ ప్లేఆఫ్‌ల్లో ఇది ఎంతదాకా పోగలదంటే, 2015 మార్చిలో హాకీ ఈస్ట్ అనే కాన్ఫరెన్స్‌లో మసాచుసెట్స్ యూనివర్సిటీ 4-3తో నోటర్ డేమ్ యూనివర్సిటీని ఓడించింది ఐదో ఓవర్‌టైమ్‌లో. ఆ రాత్రి ఐస్ మీద గడియారం నడిచిందే 150 నిమిషాలు దాటింది.

కొట్లాటలు లేవేంటని కూడా చాలామంది అడుగుతుంటారు. ఎన్‌హెచ్ఎల్‌లో 5 నిమిషాలు కూర్చుని వచ్చేస్తారు. ఇక్కడ పిడిగుద్దులకి దిగితే ఆ మ్యాచ్ నుంచి బయటికి, తర్వాతి మ్యాచ్ కూడా పోయినట్టే. సీజన్లో ఉన్నవే కొన్ని మ్యాచ్‌లు, చేతులారా ఎవడు పోగొట్టుకుంటాడు? ముఖాన నిండు జాలీ తప్పనిసరి కాబట్టి గుద్దితే విరిగేది గుద్దినవాడి వేళ్లే.

మూడోలైన్

గోలీమాస్క్ గారి మాట నిజమేగానీ నేరమంతా బెంచ్ మీదకే తోసేయకండి. ఐస్ సంగతి కూడా చూడాలి. పీరియడ్ మొదట్లో జాంబోనీ (ఐస్‌ని చదును చేసే బండి) వేడినీళ్లు పరిచి వెళ్లాక అద్దంలా ఉంటుంది. పది పన్నెండు నిమిషాలయ్యేసరికి స్కేట్లు గీకిన మంచుపొడి పేరుకుంటుంది, పక్ చదునుగా జారకుండా అంచు మీద లేచి ఎగురుతుంది. మ్యాచ్‌కి ముందు పక్‌లని గడ్డకట్టించి పెట్టేది కూడా ఈ ఎగురుడు తగ్గాలనే. పాస్‌ల మీద ఆధారపడే జట్టుకి పీరియడ్ చివరి ఐదు నిమిషాలు నరకం. పక్‌ని మూలలోకి తోసి వెంటపడే జట్టుకి అదే వరం. హోమ్ టీమ్ మొదటి రకమైతే అది కూడా ఒక కారణమే.

ఇంకోటి వయసు. కాలేజీలో మొదటి ఏడాది కుర్రాడంటే 18 ఏళ్లవాడని అనుకోకండి. చాలామంది జూనియర్ లీగుల్లో ఒకటి రెండేళ్లు ఆడి, 20 నిండాక చేరతారు. పైగా 2025-26 సీజన్ నుంచి కెనడా మేజర్ జూనియర్ లీగుల ఆటగాళ్లకీ తలుపులు తెరిచారు. అందుచేత ఒక జట్టులో 18 ఏళ్ల డిఫెన్స్‌మన్, అవతల 24 ఏళ్ల ఫార్వర్డ్ ఎదురుపడటం మామూలు. బోర్డుల (రింక్ చుట్టూ ఉండే గోడల) దగ్గర భుజం భుజం రాసుకున్నప్పుడు ఆ తేడా బయటపడుతుంది, లాంగ్ చేంజ్‌లో ఇంకా ఎక్కువగా.

నీలిగీత

ఐసింగ్ ఉందండీ, ఒకటి కాదు, ఆ షిఫ్ట్‌లోనే రెండు. కోచ్ టైమవుట్ అంతకుముందే వాడేశాడు. ఇప్పుడు లెక్క కుదిరింది. వచ్చే వారం మళ్లీ రెండు మ్యాచ్‌లున్నాయి, శుక్ర, శని. ఈ మార్పులన్నీ కనపడాలంటే ఎక్కడ కూర్చోవాలి? గ్లాస్ (రింక్ చుట్టూ ఉండే అద్దం) పక్కనే టికెట్లు దొరుకుతున్నాయి.

గోలీమాస్క్

గ్లాస్ పక్కన వద్దు. బాడీచెక్ (ఒంటితో ఢీకొట్టడం) చప్పుడు బాగుంటుంది కానీ అవతలి సగం కనపడదు, ఆట మీ దగ్గరికి వచ్చినప్పుడే ఆట ఉన్నట్టు. పదో వరుస నుంచి పదిహేనో వరుస మధ్య, మూలకి కాస్త ఇవతల, బెంచీలకి ఎదురు వైపు తీసుకోండి. తలుపులు తెరుచుకోవడం, ఎవరు దిగారు, ఎవరు ఎక్కారు, అన్నీ కనిపిస్తాయి. కొన్ని పాత రింకుల్లో బెంచీలు ఎదురెదురుగా ఉంటాయి, ముందే సీటింగ్ మ్యాప్ చూసుకోండి. గోల్ వెనక సీట్లయితే గ్లాస్ పైన వల ఉంటుంది, పది నిమిషాలకి కంటికి అలవాటైపోతుంది.

విద్యార్థుల సెక్షన్ పక్కన కూర్చుంటే మాత్రం ఆట చూడటం కష్టం, మ్యాచంతా నిలబడే ఉంటారు. గోల్ పడ్డ ప్రతిసారీ అవతలి గోలీని వేలెత్తి చూపిస్తూ ‘సీవ్, సీవ్’ (జల్లెడ, జల్లెడ) అని అరుపులు, బ్యాండ్ మోత. కార్నెల్ యూనివర్సిటీ వాళ్ల లైనా రింక్‌లో అయితే అవతలి జట్టు పేర్లు చదువుతున్నంతసేపూ విద్యార్థులు వార్తాపత్రికలు ముఖానికడ్డం పెట్టుకుంటారు, హార్వర్డ్ వస్తే ఐస్ మీదకి చేపలు విసురుతారు. దాని సరదా దానిదే, అది వేరే టికెట్.

చారలచొక్కా

ఒక చిన్న కిటుకు. రెండో పీరియడ్‌లో పక్ మీ జోన్‌లోకి వచ్చిన క్షణం నుంచి గడియారం చూడండి. 45 సెకన్లు దాటాక కూడా బయటపడలేదంటే కళ్లు పక్ మీద నుంచి తీసి బ్లూలైన్ (ఆ నీలిగీతే) దగ్గరున్న ప్రత్యర్థి డిఫెన్స్‌మన్‌ల మీద పెట్టండి. ఒకడు బెంచ్‌కి జారుకుని తాజావాడు దిగాడంటే, తర్వాతి షాట్ అతని స్టిక్ నుంచే రావడం ఎక్కువ. జాకెట్ మర్చిపోకండి, స్టాండ్స్‌లో మూడు గంటలు కూర్చుంటే చలి కాళ్ల నుంచి ఎక్కుతుంది. మందపాటి సాక్సులు తప్పనిసరి.